పెళ్లికూతురి పక్కన చోటు



పెళ్లి అనగానే మండపం, తాళి, తలంబ్రాలు గుర్తుకు వస్తాయి గానీ, వాటికి ముందు నాలుగైదు రోజుల నుంచి, కొన్ని ఇళ్లలో నెల ముందు నుంచే, పెళ్లికూతురిని నడుమ కూర్చోబెట్టి జరిపే వేడుకలు వేరే ఉన్నాయి. పసుపు దంచడం, ప్రధానం, నలుగు, పెళ్లికూతురిని చేయడం, గాజులు తొడిగించడం తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా ఉన్నవి కాగా, మెహందీ, సంగీత్, హల్దీ దాదాపు గత 30 ఏళ్లలో వచ్చి వాటి పక్కన చేరాయి. అమెరికాలో స్థిరపడిన బంధువుల ద్వారా బ్రైడల్ షవర్, బ్యాచిలరెట్ పార్టీ అనే మాటలు కూడా ఇప్పుడు పెళ్లిళ్లలో వినిపిస్తున్నాయి. ఇన్ని పేర్లు విన్నప్పుడు ఏది ఎందుకు చేస్తారో, ఏది చేయకపోయినా ఫరవాలేదో తెలియక ఆడపిల్ల తల్లిదండ్రులు తికమక పడడం సహజం. ఆ తికమక తీరడానికి ఒక్క ప్రశ్న చాలు. ఈ వేడుకలో పెళ్లికూతురి పక్కన కూర్చునే చోటు ఎవరిది? ఏ వేడుక పేరు విన్నా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే: పెళ్లికూతురి పక్కన చోటు ఎవరిది?

మొదట పసుపు దంచడాన్ని చూద్దాం. ముహూర్తం నిర్ణయమైన తర్వాత ఒక మంచి రోజు చూసుకుని, రోలు కడిగి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రోకలికి తమలపాకులు చుట్టి పసుపు దారంతో కట్టి, ముత్తైదువలు కలిసి పసుపు కొమ్ములు దంచడంతో పెళ్లిపనులు మొదలైనట్టు లెక్క. ముత్తైదువ అంటే భర్త జీవించి ఉన్న స్త్రీ. ఈ మాటను శ్రోతలు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ప్రసంగం చివరి భాగమంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. దుగ్గిరాల మార్కెట్‌కో నిజామాబాద్ మార్కెట్‌కో వచ్చే పసుపును రైతు ముందుగానే ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి తెస్తాడు కనుక, ఆ కొమ్ము రాయిలా గట్టిగా ఉంటుంది. మొదటి పోట్లకు అది నలగకపోగా రోట్లోంచి ఎగిరి బయట పడుతుంది. అందుకే ఇద్దరు రోకళ్లు మార్చి మార్చి వేస్తుంటే మరొకరు పక్కన కూర్చుని చెదిరిన ముక్కలను రోట్లోకి తోస్తూ ఉండాలి, ఇంకొకరు దంచిన పొడిని జల్లించాలి. తలంబ్రాల బియ్యానికి, అక్షతలకు, గడపలకు, మంగళసూత్రం దారానికి, మంగళస్నానాలకు కావలసిన పసుపంతా ఇంట్లోనే తయారు కావలసిన రోజుల్లో అది ఒంటి చేత్తో తెమిలే పని కాదు. కాబట్టి ఈ వేడుకలో చోటు పనికి వచ్చిన చేతులది, అంటే పిన్నులది, అత్తలది, ఇరుగుపొరుగు వారిది. పసుపు పొట్లాల్లో దొరికే కాలంలో పని పోయి గుర్తు మాత్రం మిగిలింది. అయినా పెళ్లి ఒక ఇంటి పని కాదని చెప్పే మొదటి పిలుపు ఇప్పటికీ ఇదే.

ఆ పిలుపు జరిగే తీరు కూడా తెలుసుకోదగినది. ఆడవాళ్లు కలిసే ఇలాంటి సందర్భాన్ని తెలుగువారు పేరంటం అంటారు. కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, ఫలానా రోజు మా అమ్మాయిని పెళ్లికూతురిని చేస్తున్నాం, తప్పకుండా రావాలి అని పిలవడం పేరంటానికి పద్ధతి. శుభలేఖ అందినా బొట్టు పెట్టి పిలవలేదని అలిగే పెద్దవాళ్లు ఉన్నారంటే, కాగితం కంటే గడప దాకా వచ్చిన మనిషికి విలువ ఎక్కువని అర్థం.

ఇక ప్రధానం. పెళ్లికొడుకు తరఫువారు చీర, నగ, పసుపు కుంకుమ, పూలు, పండ్లు తెచ్చి పెళ్లికూతురికి అందించి, ఆమె తమ ఇంటి పిల్ల అయినట్టు నలుగురి ఎదుట తెలియజేసే వేడుక ఇది. ఆ సందర్భంలో తొడిగే ఉంగరానికే ప్రధానపుటుంగరం అని పేరు. ఇక్కడ పక్కన చోటు కాబోయే అత్తగారిది, ఆడపడుచులది. తెలంగాణలో పెళ్లికి ముందు రెండు పక్షాలూ ఎదురై మర్యాదలు చేసుకునే ఎదుర్కోళ్లు ఉన్నాయి గానీ, వాటిలో రెండు కుటుంబాలు ముఖ్యం, పెళ్లికూతురు ఒక్కతే కాదు.

అన్నిటికంటే సన్నిహితమైన వేడుక నలుగు, దానితో కలిసి వచ్చే పెళ్లికూతురిని చేయడం. నలుగు అంటే ఒంటికి నూనె పట్టించి, పెసరపిండో శనగపిండో పసుపుతో కలిపి రుద్ది, ఆ పిండితో పాటు మురికిని రాల్చి, తలంటి స్నానం చేయించడం. ముగ్గు వేసిన చోట పీట వాల్చి, తూర్పు ముఖంగా అమ్మాయిని కూర్చోబెట్టి, ఒక పెద్ద ముత్తైదువ నువ్వుల నూనెను మొదట నడినెత్తిన అంటి, తర్వాత భుజాలకు, చేతులకు, పాదాలకు పట్టిస్తుంది. తడిపిండి ఒంటిమీద ఆరిపోతుండగా అరచేత్తో కింది నుంచి పైకి రుద్దితే అది సన్నని ఉండలుగా, నూలుపోగుల్లా రాలుతుంది. ఈలోగా చుట్టూ ఉన్నవాళ్లు నలుగు పాట అందుకుంటారు. తెలుగు స్త్రీల పాటల్లో నలుగు పాటలు ఒక ప్రత్యేక శాఖగా నిలిచాయంటే, ఈ పని ఎంత నిదానంగా, ఎంత సేపు సాగేదో ఊహించవచ్చు. స్నానం తర్వాత కొత్త బట్టలు కట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి, కాళ్లకు పారాణి దిద్దుతారు. పారాణి అంటే పసుపులో సున్నం కలిపిన ముద్ద. పసుపు రంగులో ఉన్న ముద్ద సున్నం తగలగానే కళ్లముందే ఎర్రబారుతుంది. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థానికి క్షారం తగిలితే ఎర్రగా మారే గుణం ఉన్నందువల్ల అలా జరుగుతుందని రసాయన శాస్త్రం చెబుతుంది.

అప్పటి నుంచి ఆ అమ్మాయిని పేరు పెట్టి కాక పెళ్లికూతురా అని పిలుస్తారు, ఊరి పొలిమేర దాటనివ్వరు, ఒంటరిగా ఉండనివ్వరు. తెలంగాణలో మైలపోలు తీయడం అనే పేరుతో జరిగే వేడుకలో కూడా నలుగు, గోళ్లు తీయడం, స్నానం ఉంటాయి. అక్కడ మంగలి, చాకలి కుటుంబాలకు కూడా సంప్రదాయంగా నిర్ణయమైన పాత్రలు ఉండేవి, పెళ్లికి వాడే ఐరేని కుండలు తెచ్చే కుమ్మరి ఇంటికి కూడా అలాంటి పాత్ర ఉండేది. కాబట్టి నలుగులో పక్కన చోటు పెళ్లికూతురి ఒంటిని తాకి, తలంటి, ఆమె భయాన్ని మాటల్లో పెట్టి కరిగించగల దగ్గరి స్త్రీలది. ఇంత చనువు మరే వేడుకలోనూ లేదు.

హైదరాబాద్ ముస్లిం కుటుంబాల్లోనూ ఇదే ప్రశ్న చక్కగా పనిచేస్తుంది. అక్కడ మాంఝా అనే వేడుకలో పెళ్లికూతురికి పసుపు బట్టలు కట్టి, ఒంటికి పసుపు రాసి, నికా దాకా ఇంటిపట్టునే ఉంచుతారు. సాంచక్ రోజున వరుడి ఇంటివారు బట్టలు, నగలు, మెహందీ తీసుకుని వస్తారు. పేర్లు వేరైనా మొదటిది నలుగుకు, రెండవది ప్రధానానికి దగ్గరి చుట్టాలని, చోటు ఎవరిదో చూసిన వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన వాటి సంగతి. సంగీత్ పంజాబీ ఇళ్లలోని ఆడవాళ్ల పాటల రాత్రి. ఢోలక్ పెట్టుకుని నేలమీద కూర్చుని, వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాడుకునే కార్యక్రమం అది. 1994లో వచ్చిన హమ్ ఆప్కే హై కౌన్, 1995లో వచ్చిన దిల్వాలే దుల్హనియా లే జాయేంగే వంటి హిందీ చిత్రాలు ఉత్తరాది పెళ్లి సందడిని దేశమంతటికీ చూపించిన తర్వాత, అది వేదిక, వెలుగులు, నేర్చుకున్న నృత్యాలు ఉన్న కార్యక్రమంగా దక్షిణాదికి వచ్చింది. తెలుగువారికి వియ్యాలవారి పాటలు, బంతులాట పాటలు ముందే ఉన్నాయి గనుక సంగీత్ పరాయిదని కొట్టివేయవలసిన పని లేదు. అయితే పాడేవారు చుట్టాలు కాకుండా కిరాయికి వచ్చినవారైతే, పెళ్లికూతురి పక్కన చోటు ఖాళీగానే మిగిలిపోతుంది.

హల్దీ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. హల్దీ అంటే హిందీలో పసుపు. హల్దీ వేడుక అంటే పసుపు పూయడం, అంటే నలుగే. పొద్దున ఇంట్లో నలుగు పెట్టి, సాయంత్రం పందిరి కింద బంతిపూల మధ్య మళ్లీ హల్దీ చేస్తే, ఒకే పనిని రెండుసార్లు రెండు ఖర్చులతో చేసినట్టే. రెండింటినీ కలిపి ఒకసారే, పాటలతో, నిదానంగా జరిపితే పెళ్లికూతురికి ఒక పూట విశ్రాంతి అయినా దక్కుతుంది.

మెహందీ అంటే గోరింటాకే. తెలుగు ఆడపిల్లలకు ఆషాఢంలో రుబ్బిన ముద్దతో అరచేతి మధ్య చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ల కొసలకు టోపీలు పెట్టుకోవడం చిన్ననాటి నుంచి అలవాటు కాగా, కోన్‌తో గీసే సన్నని అల్లికలు తర్వాత వచ్చాయి. ఆకు రంగు మొదట నారింజగా కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది గనుక, ముహూర్తానికి కనీసం రెండు రోజుల ముందు పెట్టించుకోవడం మంచిది. గంటలోనే నల్లగా పండుతుందని అమ్మే వాటిలో జుట్టు రంగుల్లో వాడే పారా ఫినైలిన్ డయమైన్ అనే రసాయనం కలిపి ఉండవచ్చు, దానివల్ల కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది; కాబట్టి కొత్త కోన్‌ను ముందుగా మోచేతి దగ్గర కొద్దిగా రాసి చూసుకోవాలి. ఈ వేడుకలో గమనించవలసిన అసలు విషయం మరొకటి ఉంది. రెండు చేతులూ పచ్చిగా ఉన్నంతసేపు పెళ్లికూతురు మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేదు, ఆమెకు అన్నం ఎవరో ఒకరు కలిపి తినిపించాలి, నుదుటిమీద పడిన జుట్టు ఎవరో ఒకరు తీయాలి. ఆ ఎవరో ఒకరు చాలా ఇళ్లలో స్నేహితురాలు. పాత వేడుకల్లో దేనిలోనూ లేని చోటు స్నేహితురాలికి ఇక్కడ దొరికింది.

పాత వేడుకల్లో ఆ చోటు లేకపోవడానికి కారణం ఉంది. ఆ వేడుకలు రూపుదిద్దుకున్న కాలంలో పెళ్లికూతురు చిన్నపిల్ల. 1929లో శారదా చట్టంగా పేరుపొందిన బాల్యవివాహ నిరోధక చట్టం కూడా ఆడపిల్ల కనీస వయసును 14 ఏళ్లుగానే పెట్టింది, 1978 సవరణతో గానీ అది 18కి రాలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు చుట్టాలు తప్ప వేరే లోకం లేదు. చదువుకుని, ఉద్యోగం చేసి, పరాయి ఊళ్లో గది పంచుకుని బతికిన పాతికేళ్ల యువతికి జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చింది ఆ గదిలోని స్నేహితురాలే. అలాంటి మనిషిని పెళ్లిలో భోజనాల వరుసలో మాత్రమే చూడడం న్యాయం కాదు.

బ్రైడల్ షవర్‌ను ఈ వెలుగులో చూస్తే సులువుగా అర్థమవుతుంది. షవర్ అంటే జల్లు. పెళ్లికూతురిపై కానుకల జల్లు కురిపించడం అని భావం. అమెరికాలో దీని పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది: ఉన్నదంతా పేదలకు పంచిపెట్టిన పిండిమర యజమానిని ప్రేమించిన డచ్చి అమ్మాయికి తండ్రి కట్నం ఇవ్వనంటే, ఊరివాళ్లు తలా ఒక గిన్నె, దుప్పటి తెచ్చి ఆమె సంసారం నిలబెట్టారట. ఇది కథే గాని చరిత్ర కాదు. అయినా ఆ వేడుక లక్ష్యం ఏమిటో కథ సరిగ్గా చెబుతుంది. కానుకలు అడిగినట్టు ఉంటుందని పెళ్లికూతురి సొంత కుటుంబం షవర్‌కు పిలవకూడదని, స్నేహితులే పూనుకోవాలని అక్కడ చాలాకాలం మర్యాద ఉండేది. ఒకేలాంటి కుక్కర్లు నాలుగు రాకుండా, కావలసిన వస్తువుల పట్టికను దుకాణంలో ముందే రాయించే రిజిస్ట్రీ పద్ధతి 1924లో చికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ దుకాణంతో మొదలైంది. బ్యాచిలరెట్ పార్టీ అంటే పెళ్లికాని రోజులకు వీడ్కోలుగా స్నేహితురాళ్లు మాత్రమే కలిసి జరుపుకునే విహారం లేదా విందు. దానిలో కానుకలు ముఖ్యం కాదు, పెద్దలు ఉండరు. రెండింటిలోనూ పక్కన చోటు స్నేహితురాళ్లదే, కానీ షవర్‌లో మేనత్తలు, అమ్మమ్మలు కూడా ఉండవచ్చు.

కానుకల విషయంలో తెలుగువారికి చదివింపులు ఉన్నాయి. ఎవరు ఏమి ఇచ్చారో పైకి చదివి పుస్తకంలో రాసుకోవడం వల్లనే ఆ పేరు వచ్చింది. పెళ్లిలో వధువుకు వచ్చిన కానుకల జాబితాను, ఇచ్చినవారి పేరు, బంధుత్వం, ఇంచుమించు విలువతో సహా రాసి, ఆ జాబితాను వధువు తన దగ్గర ఉంచుకోవాలని, వధూవరులిద్దరూ దానిపై సంతకం చేయాలని 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. ఆ పుస్తకం పెళ్లికూతురి పెట్టెలో ఉండాలి, మామగారి బీరువాలో కాదు. ప్రధానం నుంచి మొదలుపెట్టి, వచ్చినవి వచ్చినట్టు రాసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు ముత్తైదువ అనే మాట దగ్గరికి తిరిగి రావాలి. పెళ్లికూతురి పక్కన చోటు ఎవరిది అనే ప్రశ్నకు మరో ముఖం ఉంది: చోటు ఎవరికి లేదు? పసుపు దంచడానికి ముత్తైదువ, నలుగుకు ముత్తైదువ, బొట్టు పెట్టి పిలవడానికి ముత్తైదువ కావాలన్నప్పుడు, భర్త పోయిన తల్లి తన కూతురికి నూనె అంటలేదు, పీట దగ్గరికి రాలేదు. ఇరవై ఏళ్ల పాటు ఆ తల నిమిరి, జడ వేసి, ఒంటిచేత్తో చదివించి, పెళ్లి ఖర్చంతా తాను భరించిన మనిషి, ఆ రోజు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పాట విని, కళ్లు తుడుచుకుని లోపలికి వెళుతుంది. ఆమెను ఎవరూ పొమ్మనరు. రమ్మని కూడా అనరు. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబర్ 11న. భర్త పోయిన స్త్రీ తానే పెళ్లికూతురు కావచ్చునని ఆ రోజు తెలుగు నేలపై రుజువైంది. ఇంతకాలం గడిచాక కూడా ఆమె పెళ్లికూతురి తల్లిగా పీట పక్కన కూర్చోలేకపోవడం ఎంతమాత్రం సమర్థించదగినది కాదు. నలుగుకు కావలసింది నూనె, పిండి, ప్రేమగల చేయి. ఆ చేయి ఎవరిదో తల్లిని పక్కన పెట్టి వెతకడం ఏ విధంగా శుభమో ఆలోచించాలి.

కాబట్టి వచ్చే శుభదినాల్లో పెళ్లి తలపెట్టిన ఇళ్లవారు హాలు మాట్లాడుకోవడానికి ముందు, పెళ్లికూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని, నీ పక్కన ఎవరెవరు ఉండాలి అని ఆమెనే అడిగి పేర్లు రాసుకోవడం మంచిది. ఆ పేర్లను బట్టి వేడుకలు వాటంతట అవే తేలుతాయి. చుట్టాల పేర్లు ఎక్కువైతే నలుగు ఘనంగా జరపవచ్చు, స్నేహితురాళ్ల పేర్లు ఎక్కువైతే గోరింటాకు రాత్రి చాలు. డబ్బు లేని ఇంట్లో మేనత్త ఒక పూట ఇంటికి పిలిచి, తలంటి, ఇష్టమైన కూర వండి, జాకెట్టు గుడ్డ పెట్టి పంపినా అది నిండైన వేడుకే. పేర్లలో ఒకటి భర్త పోయిన తల్లిదో, అమ్మమ్మదో, పెద్దమ్మదో అయితే, వేడుకలు నడిపించే పెద్దలకు ముందుగానే ఆ సంగతి చెప్పి ఒప్పించుకోవాలి. పేరంటం జరిగే నాడు పదిమందిలో వాదన పెట్టుకుంటే ఆమె తానే వెనక్కి తగ్గుతుంది.

ఆమెకు చోటు ఇవ్వడం పసుపు దంచే రోజు నుంచే మొదలు కావచ్చు. రోట్లో కొమ్ములు పోశాక మొదటి రోకటిపోటు ఆమె చేత వేయించవచ్చు. దంచినవారి అరచేతులకు అంటిన పసుపు సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదలదు. గోళ్ల చివర్లలో ఇంకా రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఆ చేతులతోనే ఆమె తలంబ్రాల బియ్యం కలపవచ్చు.